పాముక్: 'రెడ్' ముందా, 'స్నో' ముందా?

టర్కీ నవలాకారుడు ఓర్హాన్ పాముక్‌ని చదవాలి, ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఎక్కువమంది 'మై నేమ్ ఈజ్ రెడ్' పేరే చెబుతారు. నేనూ చాలాకాలం అదే చెప్పాను. ఈమధ్య 'స్నో' రెండోసారి చదివాక మాట మార్చాను.

రెండింటికీ పోలికలు చాలానే. 'రెడ్'లో బ్లాక్, 'స్నో'లో కవి కా, ఇద్దరూ పుష్కరకాలం తర్వాత ఇస్తాంబుల్‌కి తిరిగొచ్చినవాళ్లే. ఇద్దరికీ మనసులో ఒక పాత మనిషి. చుట్టూ హత్యలు. పడమటివాళ్లని చూసి నేర్చుకుంటే మనం మనంగా మిగులుతామా అన్న పేచీ కూడా రెండింటిలో ఉంది. 1591లో జరిగే 'రెడ్'లో అది చిత్రకారుల మధ్య బొమ్మ ఎలా గీయాలన్న గొడవ, 'స్నో'లో 1990ల నాటి కార్స్ అనే టర్కీ ఊళ్లో ఆడపిల్లలు తలగుడ్డ కట్టుకోవచ్చా అన్న గొడవ.

కథ చెప్పే తీరులో 'రెడ్'దే పైచేయి. మొదటి అధ్యాయం బావిలో పడున్న శవం చెబుతుంది. తర్వాత కుక్క, చెట్టు, నాణెం కూడా గొంతు విప్పుతాయి. కాఫీ దుకాణంలో కథకుడు బొమ్మ తగిలించి, దాని తరఫున మాట్లాడతాడన్నమాట. చేర్యాల పటం ముందు కూర్చుని కథ విన్నవాళ్లకి ఇదేం కొత్త కాదు.

నేను మనసు మార్చుకున్నది మాత్రం రెండింటి చివరా వచ్చే ఒక్క మాట వల్ల: ఓర్హాన్‌ని నమ్మొద్దు. (ముగింపు ముందే తెలియకూడదనుకుంటే ఈ పేరా దాటేయండి.) 'రెడ్'లో ఆ మాట బ్లాక్ మనసుపడ్డ షెకూరె అంటుంది, కథ రక్తి కట్టాలంటే తన చిన్నకొడుకు ఓర్హాన్ ఎంత అబద్ధమైనా ఆడతాడని. పాముక్ తల్లి పేరూ షెకూరేనే, కాబట్టి ఇంట్లోవాళ్లు మురిపెంగా వేసిన చురకలా ఉంటుంది. 'స్నో'లో, కా చనిపోయాక అతని జాడలు వెతుక్కుంటూ వచ్చిన రచయిత ఓర్హాన్‌తో ఫజిల్ అనే కార్స్ కుర్రాడు అంటాడు, మా గురించి మీరు రాసేదేదీ నమ్మొద్దని పాఠకులకి చెప్పండి, అంత దూరం నుంచి మమ్మల్నెవరూ అర్థం చేసుకోలేరు అని. నాలుగొందల పేజీలు చదివి కార్స్ తెలిసిపోయిందనుకుంటున్న నాకు అక్కడ చెంప ఛెళ్లుమంది.

'మ్యూజియం ఆఫ్ ఇన్నోసెన్స్'లోనూ ఓర్హాన్ కనిపిస్తాడు. ప్రియురాలు కాల్చిన 4,213 సిగరెట్ పీకలు దాచుకున్నవాడి కథ అది, మూడోదిగా పెట్టుకోండి. 'బ్లాక్ బుక్' మొదట వద్దు. తేలిగ్గా సాగేది కావాలంటే బోజా అనే పులియబెట్టిన పానీయం అమ్ముకునే మెవ్లూత్ కథ, 'ఎ స్ట్రేంజ్‌నెస్ ఇన్ మై మైండ్'.

'స్నో' మొదట్లో నత్తనడకే. నాటకం నడుస్తుండగా సైనికులు వేదిక మీంచి నిజం తూటాలు పేల్చేదాకా ఓపిక పట్టండి, ఆ తర్వాత అదే చదివించుకుంటుంది.