పల్లేరు డొంకల్లో రెండున్నరేళ్ళు: నా గ్రావెల్ సైకిలు, ట్యూబు లేని టైర్లు

కంకర, మట్టి దారుల్లో తొక్కడానికి చేసిన నా గ్రావెల్ సైకిలు ఎలా ఉందని అడిగేవాళ్ళు ముందు ఫ్రేము దేంతో చేశారు, గేర్లు ఎన్ని అంటారు. అవన్నీ కొనేటప్పుడు ఇచ్చే కాగితంలోనే ఉంటాయి. నాకు చెప్పాలని ఉన్నది టైర్ల గురించి. ట్యూబు తీసేసి, టైరు లోపల సీలెంట్, అంటే చిల్లు పడితే పూడ్చే ద్రవం, పోసి తొక్కడం గురించి. ఏడు వేల కిలోమీటర్లు దాటాను, అందులో సగానికి పైగా తారు లేని దారే. ఈ సైకిలు మీద నాకింత ఇష్టం పెరగడానికి ఆ టైర్లే కారణం. మొన్న మే నెలలో పొలాల మధ్య నన్ను నిలబెట్టేసిందీ అవే.

మాది విజయవాడ కృష్ణలంక. తెల్లవారుజామున ఐదింటికల్లా ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం, ఉండవల్లి మీదుగా కరకట్ట ఎక్కుతాను. కరకట్ట మీద తారే. పెనుమాక దాటాక ఎడమ చేతికి దిగితే మాత్రం గ్రావెల్ పరిచిన రోడ్లు, పాత డొంకలు, కాలవ గట్లు. పొద్దున్నే మంచుకి తడిసిన ఎర్ర గ్రావెల్ మీద టైరు కరకరలాడుతూ పోతుంటే ఇంటికి తిరిగి వెళ్ళబుద్ధి కాదు.

చిక్కల్లా ఆ దారుల అంచుల్లో పాకే పల్లేరుతోనే. పసుపు పూలతో చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కాయ ఎండిందంటే మాత్రం ఎటు తిప్పి పడేసినా ఒక ముల్లు పైకే లేచి ఉంటుంది. దానికి తోడు సర్కారు తుమ్మ. మొదటి ఆరు నెలలు ట్యూబులతోనే తొక్కాను. ఆ ఆరు నెలల్లో పందొమ్మిది పంచర్లు, డైరీలో రాసుకున్నాను.

టైర్లు కొనేముందు బయటి దేశాలవాళ్ళ సమీక్షలు చాలా చదివాను. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం ఎంపోరియాలో 2006 నుంచి 200 మైళ్ళ గ్రావెల్ పోటీ జరుగుతోంది. ఇప్పుడు దాన్ని అన్‌బౌండ్ అంటున్నారు. అక్కడి చెకుముకి రాళ్ళు టైరు పక్క గోడల్ని కోసేస్తాయట. అందుకే అక్కడివాళ్ళు ఎంతసేపూ పక్క గోడ మందం గురించే రాస్తారు. మన దారుల్లో కోసే రాయి తక్కువ, గుచ్చే ముల్లు ఎక్కువ. మనం చూసుకోవాల్సింది చిన్న చిల్లుని టైరు తనంతట తాను ఎంత త్వరగా పూడ్చుకుంటుందన్నదే. నేను 40 మిల్లీమీటర్ల టైర్లు వేయించి, ఒక్కోదాంట్లో 60 మిల్లీలీటర్ల సీలెంట్ పోయించాను.

మొదటి చలికాలం నిజంగా పండగే. ఒకరోజు వెంకటపాలెం దగ్గర ఆగి చూస్తే ముందు టైరులో తొమ్మిది కాయలు దిగి ఉన్నాయి. భయంభయంగా ఒకటి పీకాను. జిల్లేడు ఆకు తుంచితే కారినట్టు ఒక తెల్లటి బొట్టు బయటికొచ్చింది. చక్రం రెండు చుట్లు తిప్పేసరికి బొట్టు గట్టిపడింది, గాలి ఆగిపోయింది. తొమ్మిదీ అలాగే పీకేసి ఇంటికొచ్చాను. సీలెంట్‌లో ఉండేది కూడా రబ్బరు పాలే కాబట్టి మా స్నేహితులం దాన్ని 'పాలు' అనే అంటాం.

గాలి తక్కువ పెట్టుకోవచ్చన్నది ఇంకో సుఖం. నా బరువు 78 కిలోలు. ముందు 28, వెనక 32 పౌండ్లు పెడతాను. ట్యూబుతో అంత తక్కువ పెడితే, రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. ట్యూబే లేకపోతే ఆ గాట్ల బెడద చాలా తగ్గుతుంది. అరచేతుల తిమ్మిర్లు ఆ గాలి తగ్గించాకే పోయాయి. హ్యాండిల్‌కి మెత్తటి టేపు రెండు వరసలు చుట్టించినా అప్పటిదాకా తగ్గలేదు.

ఆ ఉత్సాహంలో ఇక పంచర్ సామాను మోయక్కర్లేదని కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పాను. ఇప్పుడు ఆ మాట అనను.

మే ఆఖరి వారం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, బెజవాడలో రాత్రిళ్ళు కూడా గోడలు వేడిగానే ఉండే రోజులు. సైకిలు మేడ మీద రేకుల షెడ్డులో ఉంది. పాలు పోసింది జనవరిలో. కొండవీటి వాగు పక్క డొంకలో పోతుంటే ఏడు గంటల వేళ ముందు చక్రం రాళ్ళ మీద టకటకా కొట్టుకోవడం మొదలైంది. దిగి చూస్తే పదకొండు కాయలు. అలవాటుగా ఒకటి పీకాను. బొట్టు రాలేదు, సన్నగా 'స్స్' అంది. ఇంకోటి పీకితే మళ్ళీ అదే. పంపు కొట్టినంతసేపూ గాలి ఉంది, ఆపగానే పోయింది.

సంచిలో అదృష్టం కొద్దీ ఒక పాత ట్యూబు ఉంది. కంగారులో టైరు లోపల చేత్తో తడిమి చూడకుండానే ట్యూబు వేసేశాను. నాలుగు వందల మీటర్లు కూడా పోలేదు, అదీ దిగిపోయింది. ముళ్ళ మొనలన్నీ టైరు లోపలే ఉన్నాయి మరి. మూడు కిలోమీటర్లు నడిపించుకుంటూ బయల్దేరాను. పాలక్యాన్లతో మోటారు సైకిలు మీద వస్తున్న పెద్దాయన ఆగాడు.

"ఏం బాబూ, పల్లేరా? ఈ డొంకలో గేదెలే అంచు తప్పించి నడుస్తాయి."

"అవును బాబాయ్. మందడంలో పంచర్ షాపు తీసుంటుందా?"

"తీసే ఉంటాడు. ఇట్టా తిన్నగా పో."

షాపతను టైరు విప్పి లోపల చూశాడు. నేనూ వంగి చూశాను. పాలన్నీ ఇంకిపోయి, గిన్నె అడుగున మాడిన మీగడలా పలచటి పొర అంటుకుని ఉంది. ఒక మూల ఉసిరికాయంత రబ్బరు ఉండ. చుక్క తడి లేదు. అతను పాత బనియన్ ముక్క తీసి టైరు లోపల చుట్టూ నెమ్మదిగా తుడిచాడు. గుడ్డ దారం ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఆగి, పటకారుతో ముల్లు లాగి పక్కనున్న నాపరాయి మీద పెట్టాడు. బయటికి నాకు కనిపించినవి పదకొండే. రాయి మీద లెక్కపెడితే పద్నాలుగు. "చేత్తో తడిమితే వేలు తెగుద్దన్నా, గుడ్డయితే ఒక్కటి కూడా వదలదు" అన్నాడు. రెండేళ్ళలో నేను చదివిన ఏ సమీక్షలోనూ ఈ బనియన్ ముక్క సంగతి లేదు. ట్యూబుకి ప్యాచీ వేసి, నీళ్ళ తొట్టిలో ముంచి చూసి బిగించాడు. బ్యారేజీ దాటి ఇల్లు చేరేసరికి పదకొండయింది, తల మాడిపోయింది.

తప్పు టైర్లది కాదు. పాలు నాలుగైదు నెలలు ఉంటాయని చదివి నమ్మాను. అది చల్లటి ఊళ్ళ లెక్క. మా రేకుల షెడ్డు కింద ఎండాకాలంలో రెండు నెలలు కూడా నమ్మకం లేదు. ఇప్పుడు సైకిలు కింద మెట్ల సందులో నీడన పెడుతున్నాను. నెలకోసారి చక్రం విప్పి చెవి దగ్గర ఊపి చూస్తాను. లోపల పాలు కదిలే చప్పుడు వినపడకపోతే గాలి పెట్టే వాల్వ్ లోపలుండే చిన్న కోర్ విప్పి తీసి సిరంజితో మళ్ళీ పోస్తాను. వాల్వ్ కూడా ఎండిన పాలతో పూడుకుపోతుంది, అదీ చూసుకోవాలి. సంచిలో ఇప్పుడు ట్యూబు, పాలతో పూడని చిల్లులో దూర్చే జిగురు ప్లగ్గులు, బనియన్ ముక్క తప్పనిసరి. సన్న వాల్వ్‌కి తగిలించే ఇత్తడి అడాప్టర్ కూడా ఉంటుంది. అది ఉంటే ఏ పంచర్ షాపు కంప్రెసర్‌తోనైనా గాలి పెట్టించుకోవచ్చు. కొత్త టైరు రిమ్ములో కూర్చోవడానికి ఒక్కసారిగా చాలా గాలి వెళ్ళాలి. నా చేతి పంపుకి అది ఎప్పుడూ సాధ్యం కాలేదు. కంప్రెసర్ పెడితే 'టప్ టప్'మని రెండు చప్పుళ్ళు, అంతే.

ఎవరికైనా చెప్పాలంటే నా సంగతి బట్టే చెప్పగలను. నేను వారానికి మూడు రోజులు డొంకల్లో తిరుగుతాను, ఇంట్లో నీడ ఉంది, నెలకో గంట దీనికి కేటాయించగలను. కాబట్టి మళ్ళీ ట్యూబుల జోలికి పోను. గుంటూరులో మా బావమరిది ఎక్కువగా తారు మీదే తొక్కుతాడు, నెలల తరబడి సైకిలు బయటికి తీయడు కూడా. అతన్ని ట్యూబులే ఉంచుకోమన్నాను. ఒక సీలెంట్ సీసా డబ్బుతో నాలుగైదు ట్యూబులు వస్తాయి.

నా వెనక టైరు ఇప్పుడు నున్నగా అరిగింది. ఈసారి 45 మిల్లీమీటర్లది వేద్దామని మనసు లాగుతోంది. కానీ తుళ్ళూరు వైపు నల్లరేగడిలో ఒక్క వాన పడితే చాలు, బురద టైరుకీ ఫ్రేముకీ మధ్య ముద్దలు కట్టి చక్రం తిరగనివ్వదు. 40తోనే పోయిన జూన్‌లో రెండుసార్లు పుల్లతో గీకి తీశాను. 45 వేస్తే ఆ ఉన్న కాస్త సందు కూడా పోతుంది. బహుశా వెనక మళ్ళీ 40 వేసి, ముందుకి మాత్రం 45 వేసి చూస్తాను.