కాలేయంలో కొవ్వు కొలవడానికి ఏది మేలు: స్పెక్ట్రోస్కోపీయా, పీడీఎఫ్ఎఫ్ మ్యాపా?

గుంటూరు, విజయవాడల్లో పీజీ చేస్తూ ఫ్యాటీ లివర్ మీద థీసిస్ తీసుకున్న విద్యార్థులు తరచూ నన్ను అడిగేది ఒక్కటే: కొవ్వు శాతాన్ని దేనితో కొలవాలి? ఎమ్మారై స్కానర్‌లో రెండు దారులున్నాయి: కాలేయంలో ఒక చిన్న చోటి నుంచి నీరు, కొవ్వుల సంకేతాలను విడదీసి కొలిచే స్పెక్ట్రోస్కోపీ ఒకటి, చిత్రంలో ప్రతి బిందువు దగ్గరా కొవ్వు శాతాన్ని చూపే పీడీఎఫ్ఎఫ్ (ప్రోటాన్ డెన్సిటీ ఫ్యాట్ ఫ్రాక్షన్) మ్యాప్ రెండోది.

వాపు తీవ్రత మీ ప్రశ్న అయితే బయాప్సీకి ప్రత్యామ్నాయం లేదు. కొవ్వు ఒక్కటే కావాలంటే, కాలేయంలో సుమారు 50,000వ వంతు ముక్క కోసం మనిషికి సూది గుచ్చడం, అదీ మళ్లీ మళ్లీ గుచ్చడం, న్యాయం కాదు. అల్ట్రాసౌండ్ సూర్యారావుపేటలో ఏ సెంటర్‌కు వెళ్లినా దొరుకుతుంది కానీ, కొవ్వు 20 శాతం లోపుంటే తరచూ పట్టుకోలేదు.

స్పెక్ట్రోస్కోపీ గ్రాఫ్‌లో 4.7 పీపీఎం (సంకేతపు ఫ్రీక్వెన్సీ స్థానాన్ని చెప్పే కొలమానం) దగ్గర నీటి శిఖరం, 1.3 దగ్గర కొవ్వు ప్రధాన శిఖరం విడివిడిగా కళ్లకు కనిపిస్తాయి. దాటితే ఫ్యాటీ లివర్ అని నేడు విస్తృతంగా వాడే 5.56 శాతం హద్దు 2005లో అమెరికాలోని డల్లాస్ హార్ట్ స్టడీ ఈ పద్ధతితోనే తేల్చింది. నాకు దీనిమీద గౌరవం ఎక్కువ. అయినా చికిత్సకు ముందు, తర్వాత పోల్చే అధ్యయనానికి పీడీఎఫ్ఎఫ్ మ్యాపే తీసుకోమంటాను.

కారణం వాక్సెల్, అంటే స్పెక్ట్రోస్కోపీలో సంకేతం తీసుకునే చిన్న ఘనం. సాధారణంగా కుడి లోబ్‌లో, రక్తనాళాలకు, పిత్తనాళాలకు, కాలేయపు అంచుకు దూరంగా రెండేసి సెంటీమీటర్ల ఘనాన్ని పెడతాం. దాదాపు లీటరున్నర అవయవంలో అది 8 మిల్లీలీటర్లు మాత్రమే. పైగా స్థానం నిర్ణయించిన చిత్రాలప్పుడు రోగి ఊపిరి వదిలి ఆపి, స్పెక్ట్రమ్ తీసేటప్పుడు పీల్చి ఆపితే, కాలేయం కిందికి జరిగి మనం ఎంచుకున్న చోట వేరే భాగం ఉంటుంది. కొన్ని నెలల తర్వాత రెండోసారి కొలిచినప్పుడు వచ్చిన తేడా మందుదా, చోటుదా అన్న అనుమానం మిగిలిపోతుంది. మ్యాప్‌లో కాలేయమంతా ఒక్క ఊపిరిబిగింపులో వస్తుంది, రెండుసార్లూ ఒకే సెగ్మెంట్లలో (కాలేయపు విభాగాల్లో) కొలవవచ్చు. ఇనుము బాగా పేరుకున్న కాలేయంలో మాత్రం రెండింటినీ నమ్మలేం.

ఒక్కసారే కొలిచే అధ్యయనమైతే, లేదా మ్యాప్ విలువలను సరిచూడాలంటే, స్పెక్ట్రోస్కోపీని ఎంచుకోండి. అప్పుడు స్కానర్ సంకేతం తీసే రెండు పద్ధతుల్లో (సీక్వెన్స్‌లలో) ప్రెస్ కంటే స్టీమ్ మంచిది, టీ2 సవరణకు, అంటే సంకేతం కాలంతో తగ్గిపోవడాన్ని సరిదిద్దడానికి, ఒకటికి మించిన ఎకో టైమ్‌లలో (సంకేతం అందుకునే వేళల్లో) కొలతలు తీయాలి. నీరు, కొవ్వులకు బదులు ఫాస్ఫరస్ సంకేతాలను కొలిచే ఫాస్ఫరస్ స్పెక్ట్రోస్కోపీకి ప్రత్యేక కాయిల్ (సంకేతం అందుకునే పరికరం) అవసరం కాబట్టి దాన్ని థీసిస్‌కు తలపెట్టకండి. ఎథిక్స్ కమిటీకి ప్రోటోకాల్ పంపే ముందే స్కానర్ దగ్గరికి వెళ్లి, ఈ సీక్వెన్స్‌లకు అందులో లైసెన్స్ ఉందో లేదో టెక్నీషియన్‌ను అడిగి చూడండి.