టీ1 నుంచి ఈ1కి: లైన్ వేగంతో లెక్కించడం మేలా, చానెళ్లతో లెక్కించడం మేలా?

రుషికొండ మీద ఒక కాల్ సెంటర్ ఉందని, దాని అమెరికా క్లయింటు తమ పాత కేంద్రంలోని 25 టీ1 లైన్ల (ఒకేసారి అనేక కాల్స్ మోసే అమెరికా ప్రమాణపు డిజిటల్ ఫోను లైన్ల) భారాన్ని ఇక్కడికి మార్చమన్నారని అనుకుందాం. దేశమంతటా ఉన్నట్టే విశాఖపట్నంలోనూ ఎక్స్ఛేంజీ నుంచి వచ్చేది ఈ1, అంటే అదే పని చేసే యూరప్ ప్రమాణపు లైను, సిబ్బంది నోట ‘టూ ఎంబీ’గా నలిగిన లైను. దరఖాస్తులో ఎన్ని టూ ఎంబీలు అడగాలన్నది ప్రశ్న.

మొదటి పద్ధతి లైన్ వేగాలను భాగించడం. టీ1 సెకనుకు 1.544 మెగాబిట్లు, ఈ1 2.048 మెగాబిట్లు; 25 టీ1లు కలిపి 38.6 మెగాబిట్లు కాబట్టి 18.85, అంటే 19 ఈ1లు చాలునని తేలుతుంది. రెండో పద్ధతి 64 కిలోబిట్ల చానెళ్లను, అంటే ఒక్కో కాల్‌కు ఒక్కటి చొప్పున పట్టే దారులను, లెక్కపెట్టడం. టీ1కి 24 చొప్పున 600 చానెళ్లు, ఈ1కి 30 చొప్పున వాటికి 20 లైన్లు కావాలి. మొదటి లెక్కను నమ్మి 19 తీసుకుంటే 570 కాల్స్ మాత్రమే పడతాయి, రద్దీ వేళ మిగిలిన 30 మందికి ఎంగేజ్ టోనే దక్కుతుంది.

ఈ తేడా ఫ్రేమ్ నిర్మాణంలోనే ఉంది. స్వరాన్ని సెకనుకు 8,000 సార్లు నమూనా తీస్తారు కాబట్టి రెండు ప్రమాణాలూ సెకనుకు 8,000 ఫ్రేములే (ప్రతి చానెలు నుంచి ఒక్కో నమూనా చేరిన బిట్ల కట్టలు) పంపుతాయి. అయితే టీ1 ఫ్రేములో 24 చానెళ్ల 192 బిట్లకు సమన్వయం కోసం ఒక్క బిట్టు చేరి 193 అవుతుండగా, ఈ1 ఫ్రేములోని 32 టైమ్‌స్లాట్లలో (ఒక్కోటి ఒక చానెలుకు సరిపడే వాటా) సున్నాది సమన్వయానికి, పదహారోది సిగ్నలింగుకు, అంటే కాల్ కలపడం, తెంచడం వంటి సంకేతాలకు పోతాయి. అంటే 2.048లో 128 కిలోబిట్లు నిర్వహణ ఖర్చే. పాత టీ1లు సిగ్నలింగుకు వేరే చోటు ఇవ్వకుండా ప్రతి ఆరో ఫ్రేములో స్వరం బిట్టునే దొంగిలించేవి; అది చెవికి తెలియదు గాని, అలాంటి లైనులో డేటాకు చానెలుకు 56 కిలోబిట్లకు మించి భరోసా లేదు.

కాబట్టి వేగాల నిష్పత్తి 1.326 అయినా, చానెళ్ల నిష్పత్తి సరిగ్గా 1.25. నాలుగు ఈ1లూ ఐదు టీ1లూ శేషం లేకుండా 120 చానెళ్ల దగ్గర కలుస్తాయి. కాల్స్ విషయంలో చానెళ్ల లెక్కే మేలని నా అభిప్రాయం. ఆ టీ1లు పీఆర్ఐ అనే డిజిటల్ ఫోను సేవ పద్ధతిలో నడిచి, ఒక్కొక్కటి ఒక చానెలును సిగ్నలింగుకు వదిలి 23 కాల్సే మోసినా మొత్తం 575 అవుతాయి. అప్పుడు కూడా 19 ఈ1లు ఐదు కాల్స్ తక్కువే.

డేటాకు మాత్రం ఈ 30 వర్తించదు. రూటరుకు పదహారో స్లాటు కూడా దొరుకుతుంది కాబట్టి ఈ1 నుంచి 1.984 మెగాబిట్లు, అంటే సెకనుకు 248 కిలోబైట్లు వస్తాయి; టీ1 నుంచి 1.536 మెగాబిట్లు, అంటే 192 కిలోబైట్లు. ఇక్కడ కిలో అంటే 1,000. 2.048ని చూసి 1,024తో గుణించిన సంఖ్య అనుకునేవారు చాలామంది ఉన్నారు గాని, అది 32ను 64తో గుణించగా వచ్చినదే.

పై అంతస్తుల్లో, అంటే అనేక ఈ1లనో టీ1లనో కట్టగట్టి మోసే పెద్ద లైన్లలో, భాగహారం మరింత దారి తప్పిస్తుంది. ఈ3 వేగం 34.368 మెగాబిట్లు, భాగిస్తే 16.8 వచ్చినా పట్టేవి 16 ఈ1లు. టీ3 వేగం 44.736 మెగాబిట్లు, దాదాపు 29 వచ్చినా పట్టేవి 28 టీ1లు. ఎస్‌టీఎమ్-1 అనే ఇంకా పెద్ద ఆప్టికల్ ఫైబర్ లైను దగ్గర తేడా ఇంకా పెద్దది: 155.52ను 2.048తో భాగిస్తే 75.9 వస్తుంది, నేరుగా సర్దితే పట్టేవి 63. అదే ఎస్‌టీఎమ్-1లో మూడు ఈ3లు పెట్టి వాటి ద్వారా పంపితే 48కే పరిమితం, ఒక ఈ4 (నాలుగు ఈ3ల కట్ట) పెడితే 64. అందువల్ల ఈ స్థాయిలో వేగమూ చానెళ్లూ రెండూ చాలవు. లోపల ఏది దేనిలో సర్దారో సర్వీసు ఇచ్చేవారిని అడిగి తెలుసుకున్నాకే ఆర్డరు పెట్టాలి.