బ్రెండాన్ బ్రాహ్నాఖ్ బాణీల సంపుటాలు: ఏళ్ల తరబడి వాడిన మీదట

ఐరిష్ నాట్య సంగీతం నేర్చుకునేవారికి స్వరలిపి పుస్తకాలకు కొదవ లేదు. షికాగో పోలీసు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1907లో వెలువరించిన ఒక్క సంకలనంలోనే 1001 బాణీలున్నాయి. అయినా టిన్ విజిల్ (ఆరు రంధ్రాల చిన్న లోహపు పిల్లనగ్రోవి) సాధనలో ఇన్నేళ్లుగా నేను తరచుగా తెరుస్తున్నది 1963లో డబ్లిన్‌లో అచ్చయిన, 214 బాణీలు మాత్రమే ఉన్న 'క్యోల్ రింకె న హేరన్' (ఐర్లండ్ నాట్య సంగీతం) మొదటి సంపుటాన్నే. ఇందులోని బాణీలు ఊరూ పేరూ లేనివి కావు. అకార్డియన్ వాయించిన సనీ బ్రోగన్, ఫిడేలు వాయించిన జాన్ కెల్లీ వంటి వారి దగ్గర విని, వారు వాయించిన తీరును వీలైనంతవరకు ఉన్నదున్నట్టుగా రాసుకున్నవి.

సంకలనకర్త బ్రెండాన్ బ్రాహ్నాఖ్ 1912లో డబ్లిన్‌లో పుట్టారు. వృత్తిరీత్యా వ్యవసాయ శాఖలో ప్రభుత్వోద్యోగి, అభిరుచి రీత్యా ఇలన్ పైప్స్ (మోచేతి కింది తిత్తితో గాలి నింపి వాయించే ఐరిష్ తిత్తి వాద్యం) వాద్యకారుడు. సంగీత సేకరణే పూర్తికాలపు పనిగా ఆయనను విద్యాశాఖకు మార్చడం మొదటి సంపుటం వెలువడిన తరువాతి మాట. అంటే ఈ పుస్తకంలోని శ్రమలో చాలా భాగం ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో చేసినదే. పీఠికనూ వివరణలనూ ఆయన ఐరిష్ భాషలోనే రాశారు.

ఈ పుస్తకం విలువ నాకు తెలిసివచ్చింది అలంకారాల దగ్గర. ఐరిష్ వాద్యకారులు దీర్ఘ స్వరాన్ని చదునుగా పలికించకుండా 'రోల్' వేస్తారు. విజిల్ మీద అయితే స్వరం పలుకుతుండగానే పై రంధ్రం మీది వేలిని రెప్పపాటు ఎత్తి దించి, వెంటనే కింది రంధ్రాన్ని ఇంకో వేలితో తట్టాలి. అప్పుడు ఒకే స్వరం మూడు ముక్కలుగా తెగి, నర్తకుల అడుగుకు ఊతమిస్తుంది. బ్రాహ్నాఖ్ దానిని చిన్న చిన్న స్వరాలుగా విడగొట్టి పుటను నింపకుండా, ప్రధాన స్వరం నెత్తిన ఒక గుర్తు మాత్రం పెట్టారు. మొదట్లో ఇది నాకు పిసినారితనంగా తోచింది గాని, సాధన సాగేకొద్దీ ఆయన చేసిందే సబబని తేలింది, ఎందుకంటే ఆ మూడు ముక్కల నిడివి వాయించే మనిషినీ వేగాన్నీ బట్టి మారుతుంది, దానిని కాగితం మీద బిగించి పెడితే నేర్చుకునేవాడి వేళ్లు కూడా అలాగే బిగుసుకుపోతాయి. కీర్తన పుస్తకంలోని స్వరాలను చూసి గమకాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో కర్ణాటక సంగీతం నేర్చిన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

చివరి పుటల్లోని వివరణలు మరో నిధి. ఒక్కొక్క బాణీ ఎవరి దగ్గర దొరికిందో, దానికి ఇంకా ఏ పేర్లున్నాయో, పాత సంకలనాల్లో ఏ రూపంలో ఉందో అక్కడ తెలుస్తుంది. ఒకే రీల్‌ను (వడిగా సాగే ఒక రకం నాట్య బాణీని) ఒక జిల్లాలో ఒక పేరుతోనూ, పక్క జిల్లాలో మరో పేరుతోనూ పిలవడం ఈ సంగీతంలో మామూలే. ఈ చిక్కును విప్పడానికే ఆయన బాణీ ఆరంభంలోని ముఖ్య స్వరాలను అంకెలుగా మార్చి కార్డుల మీద రాసుకునే పద్ధతిని కల్పించారు. పేరుతో పని లేకుండా అంకెల వరుసను బట్టి జంట బాణీలను పట్టుకోవచ్చు. కంప్యూటర్ లేని కాలంలో ఇంత ఓపిక ఎక్కడిదో!

లోపాలు లేకపోలేదు. ఐరిష్ రానివారు వివరణల కోసం నిఘంటువు దగ్గర పెట్టుకోవలసిందే, అయితే వాడిన మాటలు పరిమితం కాబట్టి కొన్నాళ్లకు ఆ ఇబ్బంది తగ్గుతుంది. అంతకంటే పెద్ద లోపం, బాణీని రెండోసారి, మూడోసారి తిప్పి వాయించేటప్పుడు మంచి వాద్యకారుడు చేసే మార్పులు అచ్చులో అందకపోవడం. అందుకే పాత రికార్డింగులు వినకుండా ఈ పుస్తకం ఒక్కటే పెట్టుకుని సాధన చేయమని నేను ఎవరికీ చెప్పను. ఇక నా ప్రతి కుట్టు వదిలి, మధ్య పుటలు చేతికి వచ్చేస్తున్నాయి. స్టాండు మీద అది తెరిచి నిలవదు కూడా.

రెండో సంపుటం 1976లోనూ, మూడోది ఆయన మరణించిన 1985లోనూ వచ్చాయి. ఆయన వదిలి వెళ్లిన సేకరణ నుంచి మరో రెండింటిని జాకీ స్మాల్ సిద్ధం చేశారు. 1968లో పైపర్ల సంఘం 'న పీబరీ ఇలన్' స్థాపనలో బ్రాహ్నాఖ్ ముఖ్యులు. 1987లో డబ్లిన్‌లో ఏర్పడిన ఐరిష్ సంప్రదాయ సంగీత భాండాగారానికి పునాది కూడా ఆయన సేకరణే. కొత్తవారు అయిదూ ఒకేసారి కొనకుండా మొదటి సంపుటంతో ఆరంభించి, ఏ వాద్యకారుడి బాణీలు తమ చేతికి ఒదుగుతున్నాయో చూసుకున్నాకే తక్కినవాటి జోలికి వెళ్లడం మేలు.