టమాటాకి చేపల లిక్విడ్ ఎరువు: ఆకుకి ఫుల్ మార్కులు, కాయకి కాదు

డబ్బా మీద ఎర్రటి టమాటా గుత్తి బొమ్మ, కింద పెద్దక్షరాల్లో "దిగుబడి రెట్టింపు". దాన్ని వదిలేసి వెనక చిన్నక్షరాల్లో ఉన్న ఎన్‌పీకే చూడండి. నేను వాడినదాని మీద 5-1-1 అని ఉంది, అంటే నత్రజని ఐదు పాళ్లయితే భాస్వరం, పొటాష్ ఒక్కో పాలే. అసలు కథంతా అక్కడే ఉంది: నత్రజని ఆకుని పెంచుతుంది, పూతకి, కాయకి పొటాష్ కావాలి.

ఒకే మట్టి, ఒకే నారు పెట్టి కొన్ని కుండీలకి ఇది కలిపిన నీళ్లు, మిగతావాటికి ఉత్త నీళ్లు పోశాను. మొదట్లో మాత్రం అదరగొట్టింది. పాలిపోయినట్టున్న మొక్కలు త్వరగానే తేరుకున్నాయి, కొత్తగా వచ్చిన ఆకులు ముదురు ఆకుపచ్చగా, వెడల్పుగా ఉన్నాయి, కాండం కూడా లావెక్కింది.

పూత దగ్గరికొచ్చేసరికి సీన్ మారిపోయింది. లేబుల్ మీద చెప్పిన మోతాదే ఆపకుండా పోసిన కుండీల్లో ఆకు గుబురుగా పెరిగి, పక్క చిగుళ్లు తుంచే కొద్దీ వస్తూనే ఉన్నాయి గానీ పూత ఆలస్యమైంది, ఉత్త నీళ్లు తాగిన బక్క మొక్కలే ముందు పూశాయి! మొగ్గ కనిపించగానే దీన్ని తగ్గించి పొటాష్ ఎక్కువున్న ద్రావణానికి మారిన మొక్కలే అన్నిటికన్నా బాగా కాశాయి. కాబట్టి ఆ క్రెడిట్ మొత్తం ఈ డబ్బాకి ఇవ్వలేను.

కాయ అడుగున నల్లమచ్చ రాదని కూడా రాశారు, అది నమ్మకండి. కాయకి కాల్షియం అందకపోతే వచ్చే సమస్య అది, చాలాసార్లు తడి ఒకలా ఇవ్వకపోవడమే కారణం. నత్రజని ఎక్కువైతే ఇంకా ముదురుతుంది కూడా.

మళ్లీ కొంటానా అంటే కొంటాను, పూత వచ్చేదాకా వాడటానికి. కంపోస్ట్ మానేసి దీంతోనే నెట్టుకొద్దామంటే కుదరదు, కుండీలో పోసింది పోసినట్టు నీళ్లతో కిందికి దిగిపోతుంది, మట్టిని బాగుచేసేంత సరుకు ఇందులో ఉండదు.

ఇక వాసన... మూత తీస్తే ఎండుచేపల సంచిలో తల పెట్టినట్టే. బాల్కనీలో కుండీలు పెట్టుకున్నవాళ్లు సాయంత్రం పూట, కిటికీలు మూసి పోసుకోండి. ముందు మామూలు నీళ్లతో మట్టి తడిపాకే పోయాలి, చిక్కగా పోస్తే ఆకు అంచులు మాడతాయి. డబ్బా అడుగున మడ్డి పేరుకుంటుంది, బాగా ఊపి, పలచటి గుడ్డతో వడకట్టి కలపండి, లేదంటే డ్రిప్ రంధ్రాలన్నీ మూసుకుపోతాయి.