లేబుల్ మీద 1963 అని ఉన్నంత మాత్రాన అది 1963 రికార్డు కాదు: బీటిల్స్ ఈపీలు కొనేవాళ్లకు జాగ్రత్త

బ్రిటిష్ బ్యాండు బీటిల్స్ పాత ఈపీలు విదేశాల నుంచి తెప్పించుకునే మిత్రులందరికీ ముందే ఒక మాట చెప్పేస్తాను. "1963 ఫస్ట్ ప్రెస్సింగ్", అంటే విడుదలైనప్పటి తొలి అచ్చు, అని రాసి అమ్మే రికార్డుకి, మధ్యలో అతికించిన గుండ్రటి లేబుల్ రెండు వైపులా దగ్గర నుంచి తీసిన ఫొటో చూడకుండా ఒక్క రూపాయి కూడా కట్టకండి. కవర్ ఫొటో ఎంత బాగున్నా సరే, అమ్మేవాడికి ఎంత మంచి రేటింగ్ ఉన్నా సరే. నేను చూడకుండానే కట్టాను. కొరియరు, కస్టమ్స్ అన్నీ కలిపి 27 వేలు దాటాయి. చేతికొచ్చింది మాత్రం రెండు వేలకు కూడా కొననక్కర్లేని సరుకు.

ఈపీ అంటే కొత్తవాళ్లకు తెలియకపోవచ్చు. మన ఇళ్లల్లో అటకల మీద ఉండే తెలుగు సినిమా పాటల చిన్న రికార్డులు గుర్తు తెచ్చుకోండి. ఏడంగుళాలు, 45 స్పీడు, పక్కకు రెండు చొప్పున నాలుగు పాటలు. అదే ఈపీ. నేను ఆ తెలుగు రికార్డులతోనే మొదలుపెట్టాను. తర్వాత బీటిల్స్ మీద పడ్డాను. ఎందుకంటే ఈ ఒక్క బ్యాండుకి దేశానికో రకం ఈపీ ఉంది. బ్రిటన్‌లో పార్లోఫోన్ కంపెనీ 1963 నుంచి 1967 దాకా మొత్తం 13 వేసింది. ఫ్రాన్స్‌లో, స్పెయిన్‌లో ఒడియన్ అనే కంపెనీ పేరు మీద వచ్చాయి. అక్కడివాళ్లు తమకు నచ్చిన నాలుగు పాటలు కలిపి, తమకు నచ్చిన ఫొటోతో కవర్ వేసుకున్నారు. ఫ్రాన్స్‌లో ఆ రోజుల్లో జనం కొన్నది ఎక్కువగా ఈపీలే, సింగిల్స్ తక్కువ. అందుకే బ్రిటన్‌లో ఎక్కడా కనిపించని కవర్లు ఫ్రెంచి ఈపీల మీద ఉంటాయి. వాటి కోసమే ప్రపంచమంతా వెతుకుతుంది. మోసం కూడా అక్కడే జరుగుతుంది.

గత నవంబరులో ఒక అమ్మకందారు దగ్గర రెండు కొన్నాను. పేరు రాయను. ఒకటి బ్రిటిష్ "ట్విస్ట్ అండ్ షౌట్", కేటలాగు నంబరు జీఈపీ 8882. రెండోది ఫ్రాన్స్ ఒడియన్ ఈపీ. మొదటిదానికి "1963 ఒరిజినల్, ఫస్ట్ ప్రెస్సింగ్, నియర్ మింట్, చాలా రేర్" అని రాశాడు. ఆ "రేర్" అన్న మాట దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. ఆ రికార్డు 1963 జులై 12న వచ్చింది, బ్రిటన్‌లో లక్షల్లో అమ్ముడుపోయింది. ఈపీల చార్టులో 21 వారాలు మొదటి స్థానంలో ఉంది. దొరకడం కష్టం కాదు. శుభ్రంగా, గీతల్లేకుండా దొరకడమే కష్టం. ఆ రికార్డుని రేర్ అని ఎవరైనా అమ్ముతుంటే వాళ్లకు సరుకు గురించి తెలియదన్నమాట, లేదా మీకు తెలియదని అనుకుంటున్నారన్నమాట.

పార్సిల్ వచ్చిన రోజు విప్పి, ముందు లేబుల్ చూశాను. నలుపు మీద వెండి అక్షరాలు. అంతవరకు బాగానే ఉంది. లేబుల్ అంచు చుట్టూ చిన్న అక్షరాల్లో ఒక వాక్యం గుండ్రంగా తిరిగి ఉంటుంది. చాలామంది దాన్ని చదవరు. రికార్డుని లైటు కింద మెల్లగా తిప్పుతూ చదివాను. మొదట్లోనే "ఇఎంఐ రికార్డ్స్ లిమిటెడ్" అని ఉంది. గుండె జారిపోయింది.

ఎందుకో చెప్తాను, ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. 1963లో అచ్చయిన పార్లోఫోన్ లేబుల్ అంచు మీద "ది పార్లోఫోన్ కంపెనీ లిమిటెడ్" అని ఉంటుంది. 60ల మధ్యకు వచ్చేసరికి అది "ది గ్రామఫోన్ కంపెనీ లిమిటెడ్" అయింది. 1973 జులైలో ఆ కంపెనీ పేరే ఇఎంఐ రికార్డ్స్‌గా మారింది. కాబట్టి అంచు మీద ఇఎంఐ రికార్డ్స్ అని ఉంటే ఆ రికార్డు 1973 తర్వాత అచ్చయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఇంకో గుర్తు కూడా ఉంది. 1964 నుంచి 1969 దాకా లేబుల్ మీద "సోల్డ్ ఇన్ యూకే" అని మొదలయ్యే ఒక లైను వేసేవాళ్లు, చెప్పిన ధరకే అమ్మాలన్న షరతు అది. 1963 ముక్క మీద ఆ లైను ఉండదు.

అమ్మకందారుకి మెసేజ్ పెట్టాను. వెంటనే జవాబు వచ్చింది.

"లేబుల్ మీద 1963 అని ఉంది కదండీ, చూసుకోలేదా?"

ఉంది. నిజమే. "రికార్డింగ్ మొదట విడుదలైంది 1963" అన్న అర్థంలో ఆ సంవత్సరం వేస్తారు. అది పాట వయసు, రికార్డు వయసు కాదు. అదే రికార్డుని 1975లో అచ్చేసినా 1963 అనే ఉంటుంది. ఇది రాసి పంపాను. ఈసారి వేరే దారి పట్టాడు.

"మ్యాట్రిక్స్ నంబరు చూడండి, చివర 1ఎన్ ఉంది. ఫస్ట్ కట్. అంటే ఫస్ట్ ప్రెస్సింగ్."

ఇక్కడే చాలామంది పడిపోతారు, అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను. పాట అయిపోయాక గాడులకీ లేబుల్‌కీ మధ్య నున్నటి ఖాళీ భాగం ఉంటుంది. అందులో, గడియారంలో 6 అంకె ఉండే చోట, మ్యాట్రిక్స్ నంబరు గుద్ది ఉంటుంది. ఇది మాస్టర్, అంటే అన్ని కాపీలకూ మూలమైన మొదటి రికార్డు, కోసినప్పుడు వేసిన నంబరు. ఆ మాస్టర్ నుంచి ఎన్నేళ్లు అచ్చేస్తే అన్నేళ్లూ ఇదే నంబరు వస్తుంది. 70లలో అచ్చయిన ముక్కల మీద కూడా 1ఎన్ ఉంటుంది. 9 గంటల దగ్గర మదర్ (మాస్టర్ నుంచి తీసిన లోహపు నకలు) నంబరు, 3 గంటల దగ్గర స్టాంపర్ (మదర్ నుంచి తీసిన, రికార్డులు ఒత్తే అచ్చు) అక్షరం ఉంటాయి. ఆ స్టాంపర్ అక్షరాలకు ఇఎంఐ వాళ్లు చక్కటి కోడ్ పెట్టుకున్నారు. గ్రామఫోన్ లిమిటెడ్ అనే పేరులోని పది ఇంగ్లిష్ అక్షరాలు, జి, ఆర్, ఏ, ఎం, ఓ, పి, హెచ్, ఎల్, టి, డి, వరసగా 1 నుంచి 9, చివరి డి సున్నా. జి అని ఒక్కటే ఉంటే మొదటి స్టాంపర్. జిఆర్ అని ఉంటే 12వది. చిన్న నంబరు ఉంటే తొలి రోజుల ముక్క అయ్యే అవకాశం ఎక్కువ. కానీ లేబుల్ అంచు ఇఎంఐ అంటుంటే ఈ నంబర్లేవీ దాన్ని 1963కి తీసుకెళ్లలేవు. నా దగ్గరికొచ్చిన ముక్క మీద మూడక్షరాల స్టాంపర్ ఉంది. అంటే మూడంకెల నంబరు. ఫస్ట్ ప్రెస్సింగ్ అన్న మాటకు ఎక్కడా ఆధారం లేదు.

ఇదంతా ఒక ఎత్తు. రెండో రికార్డు కవర్ ఇంకో ఎత్తు.

ఫ్రెంచి ఈపీ కవర్ ఫొటోలో వాడినట్టే కనిపించింది. లోపలి రికార్డు ఒత్తుకుని గుండ్రటి మరక, కుడి పై మూలన నీలం ఇంకుతో ఎవరో రాసిన అక్షరం, కింద ఒక మడత. అరవయ్యేళ్ల కవర్ అలాగే ఉంటుంది కదా అని నమ్మాను. ఇక్కడ సికింద్రాబాద్‌లో నాకు రికార్డుల గురించి నేర్పిన పెద్దాయన ఒకరున్నారు, అంకుల్ అని పిలుస్తాం. ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కవర్‌ని చేతిలోకి తీసుకుని కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. బొటనవేలి గోరుతో ఆ మడత మీద మెల్లగా గీశారు.

"నువ్వూ గీసి చూడు బాబూ" అన్నారు.

గీశాను. గోరు ఎక్కడా ఆగలేదు. మడత కనిపిస్తోంది కానీ తగలడం లేదు. నీలం ఇంకు అక్షరం మీద వేలు పెడితే పెన్ను నొక్కిన గుంట లేదు. గుండ్రటి మరక కూడా అంతే, నున్నగా ఉంది. అసలు కవర్‌ని స్కాన్ చేసి, దాని మీదున్న మరకలూ మడతలూ పెన్ను రాతతో సహా కొత్త కాగితం మీద అచ్చేశారు. పాతదనాన్నే ప్రింట్ చేశారు! భూతద్దం కింద పెడితే మూల నుంచి మూల దాకా, ఆ నీలం ఇంకు అక్షరం కూడా, సన్న చుక్కలుగా కనిపించింది. పెన్నుతో రాసిన రాతలో చుక్కలు ఉండవు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త ఇంకు వాసన.

ఆ క్షణం నాకు డబ్బు పోయిన బాధ కంటే వేరే బాధ కలిగింది. ఎప్పుడో ఫ్రాన్స్‌లో ఎవరో పిల్లో పిల్లాడో తన రికార్డు మీద రాసుకున్న అక్షరాన్ని కూడా వీళ్లు నకలు తీసి అమ్ముకుంటున్నారు.

కవర్ల విషయంలో బ్రిటిష్ వాటికి ఒక మంచి గుర్తు ఉంది. 60ల నాటి పార్లోఫోన్ ఈపీ కవర్ ముందు భాగం మెరిసే పొరతో ఉంటుంది, వెనక భాగం మామూలు కాగితం. ముందు కాగితం అంచులు వెనక్కి మడిచి పైన అతికించి ఉంటాయి. వెనక కింద మూలన గారడ్ అండ్ లాఫ్ట్‌హౌస్ లేదా ఎర్నెస్ట్ జె. డే అనే ముద్రాపకుల పేరు సన్నగా ఉంటుంది. రెండు వైపులా మెరుస్తుంటే అనుమానించండి. స్పెయిన్ వాటి మీద డిపాజిటో లీగల్ నంబరు (అక్కడి చట్టం ప్రకారం ఇచ్చే నమోదు నంబరు) ఉంటుంది, చివర సంవత్సరం కూడా ఉంటుంది. అది కూడా పూర్తి రుజువు కాదు, తర్వాతి అచ్చుల్లో పాత నంబరే కొనసాగుతుంది.

1981 డిసెంబరులో బ్రిటన్‌లో ఈ ఈపీలన్నీ కలిపి ఒక పెట్టెగా మళ్లీ వేశారు. అది మంచి సెట్, వినడానికి చక్కగా ఉంటుంది, నా దగ్గరా ఉంది. కానీ పెట్టె విడగొట్టి ఒక్కోటి 60ల రికార్డు అని అమ్మేవాళ్లున్నారు. పెట్టెలోది అని చెప్పి అమ్మితే తప్పు లేదు. దాచిపెట్టి అమ్మడమే తప్పు.

"మ్యాజికల్ మిస్టరీ టూర్" రెండు రికార్డుల ఈపీ గురించి కూడా చెప్పాలి. 1967 డిసెంబరు 8న వచ్చింది. లోపల బొమ్మల పుస్తకం, దాని మధ్యలో నీలం కాగితం మీద పాటల సాహిత్యం ఉంటాయి. ఆ నీలం కాగితం పోయిన కాపీలు చాలా ఉన్నాయి. "కంప్లీట్" అని రాసినా సరే, ఆ కాగితం ఫొటో విడిగా అడగండి. మోనో, స్టీరియో రెండూ వచ్చాయి, ఏది పంపుతున్నారో ముందే రాయించుకోండి. అమెరికాలో ఈపీలు అమ్ముడుపోవని క్యాపిటల్ కంపెనీ వాళ్లు దీన్ని పెద్ద ఎల్పీగా మార్చేశారు. కాబట్టి "అమెరికన్ ఒరిజినల్ ఈపీ" అని ఎవరైనా దీన్ని చూపిస్తే అక్కడే ఆగండి. అమెరికాలోనే వీ-జే అనే కంపెనీ 1964లో వేసిన బీటిల్స్ రికార్డులకు నకళ్లు విపరీతంగా ఉన్నాయి. చేత్తో పట్టుకుని చూడకుండా వాటి జోలికి పోకపోవడమే మేలు.

జపాన్ నుంచి కొనేవాళ్లకు మాటల దగ్గరే తికమక వస్తుంది. అక్కడ ఈపీ అంటే చాలాసార్లు 45 స్పీడు సింగిల్, రెండే పాటలు. నాలుగు పాటల చిన్న రికార్డులు 33 స్పీడులో ఉంటాయి, వాటిని కాంపాక్ట్ అంటారు. అక్కడి అమ్మకందారు మోసం చేయలేదు, మనమే తప్పుగా అర్థం చేసుకుంటాం. పాటలు ఎన్ని, స్పీడు ఎంత అని అడిగితే చాలు.

గ్రేడింగు సంగతి. "వెరీ గుడ్" అని రాస్తే చాలా బాగుందని అనుకోకండి. ఈ వ్యాపారంలో వెరీ గుడ్ అంటే గీతలు కనిపిస్తాయి, ముల్లు పెడితే చిటపటలు వినిపిస్తాయి. నియర్ మింట్ అంటేనే మనం అనుకునే బాగుంది.

నా డబ్బు ఏమైందంటారా? కొన్న సైటులో ఫిర్యాదు పెట్టాను. లేబుల్ అంచు ఫొటో, భూతద్దం కింద నీలం ఇంకు చుక్కల ఫొటో, అమ్మకందారు మెసేజ్‌లు అన్నీ జతచేశాను. 16 రోజులు టెన్షన్ పడ్డాక రికార్డుల ధర వెనక్కి వచ్చింది. వెనక్కి పంపిన ఖర్చు, మొదటి కొరియరు, కట్టిన కస్టమ్స్ డ్యూటీ రాలేదు. దాదాపు 14 వేలు పోయాయి. మీకూ ఇలా జరిగితే రికార్డు అందిన రోజే ఫొటోలు తీయండి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, మాటలన్నీ సైటులోని మెసేజ్‌లలోనే నడపండి. ఫోన్లో మాట్లాడదాం అంటే వద్దనండి. "సగం వెనక్కి ఇస్తాను, ఫిర్యాదు తీసేయండి" అని నన్ను రెండుసార్లు అడిగాడు. తీసేస్తే మళ్లీ తెరవనివ్వరు.

మన ఊళ్లలో ఎవరైనా దమ్‌దమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన బీటిల్స్ రికార్డులు అమ్ముతుంటే మాత్రం తొందరపడి వదులుకోకండి. కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ వాళ్లు 60లలో బీటిల్స్ పాటల్ని 78 స్పీడు పెద్ద రికార్డులుగా కూడా వేశారు. విదేశీయులు వాటి కోసం ఎంతో వెతుకుతారు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద గోరు పెట్టి చూసి, లేబుల్ చదివి, ఎదురుగా నిలబడి బేరమాడి కొనే వీలుంది మనకు.

నిన్న రాత్రి మళ్లీ వెతికితే అదే ఫ్రెంచి ఈపీ కనిపించింది. అమ్మకందారు పేరు మారింది, ఫొటో అదే. కుడి పై మూలన నీలం ఇంకు అక్షరం, కింద ఎడమవైపు నుంచి పైకి వెళ్లే మడత, మధ్యలో గుండ్రటి మరక. "ఒక్కటే ఉంది" అని రాశాడు. ఆ కవర్ మీ కంటబడితే కొనకండి.