రెపోతో ముడిపడిన గృహరుణం: వాయిదా కదలలేదు, గడువు కదిలింది

మొదటి ఇల్లు కొనడానికి 2021లో తీసుకున్న ఈ రుణం గురించి అప్పట్లో అడిగిన వారందరికీ మంచి మాటే చెప్పాను. రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు స్వల్పకాలానికి అప్పిచ్చే వడ్డీ రేటు, అంటే రెపో రేటు, అప్పుడు 4 శాతం. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ (మధ్యలో మారుతూ ఉండే) వడ్డీ గృహరుణాలు రెపో వంటి బయటి ప్రామాణిక రేటుతో ముడిపడి ఉండాలన్న నిబంధన వచ్చింది కనుక, వడ్డీ ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో బ్యాంకును అడగకుండా పత్రికలోనే చూసుకోవచ్చు. ఆ మెప్పును వెనక్కి తీసుకోను గాని, అది వడ్డీ రేటు వరకే వర్తిస్తుంది. రుణం ఎప్పటికి తీరుతుందన్న విషయంలో అంత పారదర్శకత నాకు కనిపించలేదు.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు 6.5 శాతానికి చేరింది. పెరిగిన ప్రతిసారీ బ్యాంకు నుంచి ఫోనుకు సందేశం వచ్చేది. అందులో కొత్త వడ్డీ రేటు ఉండేది, గడువు ప్రస్తావన ఉండేది కాదు. నెలనెలా ఖాతాలోంచి పోయే మొత్తం మాత్రం రూపాయి కూడా మారలేదు. ఆదాయపు పన్ను కోసం వడ్డీ సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి శాఖకు వెళ్లినప్పుడు, వాయిదాల పట్టిక కూడా ప్రింటు తీసి ఇమ్మని అడిగాను. అసలు, వడ్డీ, నిల్వ అని వరుసగా ఉన్న గడుల్లో అసలు కింద ఉన్న అంకెలు చిల్లర ఖర్చుల్లా ఉన్నాయి. చివరి పేజీలోని ఆఖరి వాయిదా తేదీ నా పదవీ విరమణ దాటి చాలా ఏళ్లు ముందుకు పోయింది. ఎదురుగా ఉన్న అధికారికి ఇందులో వింతేమీ కనిపించలేదు. "ఈఎంఐ పెరగలేదు కదండీ, మీ మీద భారం పడకూడదనే గడువు పెంచాం" అని మర్యాదగానే చెప్పారు. ఆ పెంపు గురించి నన్ను అడిగిన వారెవరూ లేరు.

ఇంటికి వచ్చి లెక్క వేసుకుంటే సంగతి ఇంకా స్పష్టమైంది. 7 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకున్న ప్రతి లక్షకూ నెల వాయిదా దాదాపు 775 రూపాయలు. రెండేళ్లు కట్టాక అసలు సుమారు 95 వేలు మిగులుతుంది. అప్పుడు వడ్డీ ఒక్కసారిగా 9.5 శాతానికి చేరిందనుకుంటే, నెల వడ్డీయే దాదాపు 753 రూపాయలవుతుంది. అసలులోకి పోయేది 23 రూపాయల లోపే. ఆ లెక్కన మిగిలిన 18 ఏళ్ల గడువు 37 ఏళ్లకు సాగుతుంది. నిజానికి వయసు పరిమితి అడ్డొస్తుంది కనుక బ్యాంకులు అంతదూరం పోనివ్వవు, ఏదో ఒక దశలో వాయిదా పెంచుతాయి. అయితే అప్పటిదాకా కట్టినదంతా దాదాపు వడ్డీకే పోతుంది.

ఇదే లెక్కలో నన్ను సంతోషపెట్టిన విషయం కూడా ఉంది. 18 ఏళ్ల గడువును అలాగే నిలుపుకోవాలంటే లక్షకు 920 రూపాయలు కట్టాలి, అది మాకు కష్టం. కానీ 850 కట్టినా 37 ఏళ్లు 23 ఏళ్లకు దిగివస్తాయి. నెలకు లక్షకు 75 రూపాయలు అదనంగా కడితే 14 ఏళ్లు తగ్గడం నమ్మశక్యంగా అనిపించక మళ్లీ వేసి చూసుకున్నాను. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణాలపై ముందస్తు చెల్లింపు రుసుము ఉండదు కనుక, చేతిలో అదనంగా డబ్బు పడినప్పుడల్లా అసలుకు జమ చేయించే వీలూ ఉంది. అలా జమ చేసేటప్పుడు వాయిదా తగ్గించాలా, గడువు తగ్గించాలా అన్నది లిఖితపూర్వకంగా చెప్పడం మంచిది.

నాలాంటి వారి ఫిర్యాదులు చాలానే ఉండి ఉంటాయి. 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు, వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంతగానా అన్న ఎంపికను రుణగ్రహీతకే ఇవ్వాలని, మూడు నెలలకోసారి మిగిలిన వాయిదాల సంఖ్యతో సహా వివరాలు అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. ఇప్పుడు ఆ వివరాలు నాకు అందుతున్నాయి. కొత్తగా రుణం తీసుకునేవారు ఈ ఇబ్బందిని ఇంతగా అనుభవించకపోవచ్చు.

2025లో రెపో రేటు విడతలవారీగా 5.25 శాతానికి దిగింది. ఆ లెక్క చూశాక నేను పెంచుకున్న వాయిదాను తగ్గించవద్దని రాసి ఇచ్చాను గనుక గడువు బాగానే తగ్గింది. రెపోపై బ్యాంకు వేసుకునే అదనపు శాతం మాత్రం కొత్త ఖాతాదారులకు నాకన్నా తక్కువగా ఉంది. దానికి మారడానికి ఫీజు అడుగుతున్నారు. ఆ ఫీజుకు తగిన ఆదా వస్తుందో లేదో ఇంకా తేల్చుకోలేదు.

మా ఇంట్లో రెండు జీతాలున్నాయి, వేరే అప్పులు లేవు. అందుకే ఈ రుణంతో నాకు సరిపడింది. ఒక్క జీతం మీద, పిల్లల ఫీజుల మధ్య నడిచే ఇంటికి, వడ్డీ పెరిగిన ఏడాదిలో వాయిదా కదలకపోవడమే పెద్ద ఊరట కావచ్చు. అలాంటివారిని వాయిదా పెంచుకోమని నేను చెప్పలేను. గడువు ఎంతకు చేరిందో మూడు నెలలకోసారి చూసుకోమని మాత్రం చెబుతాను.